వీధికి కన్ను, ఠాణాకు గంతలు

పదకొండు గంటలకు కౌన్సిల్ సమావేశం అని నోటీసు. పన్నెండు దాటాక చైర్‌పర్సన్ గారు వస్తారు. ఆవిడ కంటే ముందే ఆవిడ భర్తగారు వచ్చేసి ఉంటారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయా, విలేకరులు వచ్చారా, ఫొటోగ్రాఫర్ ఎక్కడ చచ్చాడు అని అన్నీ చూసుకుని గ్యాలరీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు. మహిళలకు సగం సీట్లు ఇచ్చాం కదా. మన మగవాళ్లు తమ సగంతో పాటు ఆ సగం కూడా మోస్తున్నారు. పాపం, ఎంత బరువో!

అజెండా సభ్యుల చేతికి ముందురోజు రాత్రి అందుతుంది. కొందరికి కుర్చీలో కూర్చున్నాక అందుతుంది. అదీ చాలనట్టు అప్పటికప్పుడు ఒక టేబుల్ అజెండా. మొత్తం అరవయ్యో డెబ్బయ్యో అంశాలు. 'ఒకటి నుంచి నలభై వరకు చదివినట్లుగా భావించి ఆమోదించడమైనది.' ఎవరు చదివారు? ఎవరు భావించారు? అడిగేవాడు లేడు. బల్లలు చరుస్తారు. ఆ చప్పుడు ఆమోదానికో, జీడిపప్పు ప్లేటు తమ వరస దాకా రాలేదనో చెప్పడం కష్టం. మినిట్స్ పుస్తకంలో మాత్రం 'ఏకగ్రీవం' అని గుండ్రటి అక్షరాలతో పడుతుంది.

ఈలోగా ప్రతిపక్ష సభ్యుడొకాయన లేస్తాడు. చేతిలో మురికి నీళ్ల సీసా. టీవీ కెమెరా తనవైపు తిరిగిందని ఖాయం చేసుకున్నాకే సీసా పైకి లేస్తుంది. 'అధ్యక్షా, ఈ నీళ్లు మీరు తాగండి!' అధ్యక్షులవారు తాగరు. అడిగినాయనా తాగడు. తాగేది మనం. అధికారి ఒకాయన లేచి 'నోట్ చేసుకున్నాం' అంటాడు. ఆ నోటు పుస్తకం ఏ బీరువాలో ఉందో దేవుడికెరుక.

ఇదేదో చిన్న ఊళ్ల బాగోతం అనుకోకండి. 2025 జనవరి 30న హైదరాబాద్ మహానగర కౌన్సిల్‌లో ఏం జరిగింది? ప్లకార్డులు చించుకున్నారు. ఒకరినొకరు తోసుకున్నారు. మార్షల్స్ వచ్చి కొందరిని బయటికి పంపారు. ఆ గోలలోనే రూ.8,440 కోట్ల బడ్జెట్ గట్టెక్కింది. మనింట్లో కొత్త మిక్సీ కొనాలన్నా ఇంతకంటే ఎక్కువ చర్చ జరుగుతుంది.

సరే, నీళ్లు, కాలువలు, కుక్కలు, వీధి దీపాల సంగతి రోజూ చదువుతూనే ఉన్నాం. ఇవాళ అడగదలచింది వేరు. ఆ హాలు గుమ్మం దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉంటారు చూడండి. వాళ్ల శాఖ గురించి ఆ హాల్లో ఎవరైనా ఒక్క ప్రశ్న అడగ్గా విన్నారా? మా వార్డులో రాత్రిపూట గస్తీ ఎందుకు లేదు? మా పిల్లాడిని ఏ కేసూ లేకుండా రెండు రోజులు ఎందుకు కూర్చోబెట్టారు? ఠాణాకు వచ్చే డబ్బు ఎంత, పోయే డబ్బు ఎంత? వినలేదు. వినరు కూడా.

అలాగని పోలీసు అనే మాట అజెండాలో కనిపించదని కాదు. భేషుగ్గా కనిపిస్తుంది. 'పోలీసు శాఖ వారి కోరిక మేరకు ఫలానా కూడలిలో సీసీ కెమెరాల ఏర్పాటుకు సాధారణ నిధుల నుంచి ఇన్ని లక్షలు, ఆమోదం నిమిత్తం.' ఆమోదం! బల్లల చప్పుడు! పాత కెమెరాలు ఏమయ్యాయి? ఎన్ని పనిచేస్తున్నాయి? వాటిల్లో ఏం రికార్డవుతోంది, ఎవరు చూస్తున్నారు, ఎన్నాళ్లు దాస్తున్నారు? ఈ ప్రశ్నలేవీ రావు. ఇవ్వడానికి చెయ్యి ఉంది. అడగడానికి నోరు లేదు.

ఎందుకు లేదంటే మున్సిపల్ పెద్దలు వెంటనే రాజ్యాంగం పుస్తకం తీస్తారు. పోలీసు రాష్ట్ర జాబితాలోది, మాకేం సంబంధం అంటారు. నిజమే. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. స్థానిక స్వపరిపాలన అని ఊరూరా డప్పు కొట్టారు. పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు 18 పనులు రాశారు. అవేంటో ఓసారి చూడండి. శ్మశానాలు మీవి. కబేళాలు మీవి. బందెలదొడ్లు మీవి. జంతువుల పట్ల క్రూరత్వాన్ని అరికట్టడమూ మీదే. మనుషుల పట్ల క్రూరత్వం? అది ఆ జాబితాలో లేదు. వీధికుక్కను ఎవడైనా కర్రతో కొడితే మున్సిపాలిటీకి పని పడుతుంది. వీధిలో మనిషిని లాఠీతో కొడితే మున్సిపాలిటీ కిటికీ మూసుకుంటుంది.

ఇందులో ఒక పాత తమాషా ఉంది. తెల్లదొరల కాలంలో ఈ లెక్క వేరుగా ఉండేది. 1865 నాటి మద్రాసు పట్టణాల చట్టం పోలీసు ఖర్చులో పెద్ద వాటాను పట్టణాల నెత్తినే పెట్టింది. డబ్బు ఊరిది. పెత్తనం దొరది. ఇది అన్యాయమని చివరికి దొరకే అనిపించింది. 1882లో రిపన్ ప్రభువు స్థానిక పాలన తీర్మానం తెచ్చినప్పుడు పోలీసు ఖర్చును మున్సిపాలిటీల మీంచి దించి, ఆ డబ్బు బడులకూ ఆసుపత్రులకూ వాడుకోమన్నాడు. నూట నలభై ఏళ్లు దాటాయి. దొర దించిన బరువును మన దొరలు కెమెరాల పేరుతో, ట్రాఫిక్ సిగ్నళ్ల పేరుతో వెనక గుమ్మంలోంచి మళ్లీ తెచ్చి నెత్తిన పెట్టారు. ఈసారి తీర్మానం కూడా అక్కర్లేదు. చదివినట్లుగా భావిస్తే సరి!

చట్టాల వయసు కూడా చూడండి. 1854లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక కమిషన్ వేశారు. శిస్తు వసూలుకు రైతుల్ని ఎలా హింసిస్తున్నారో ఆ కమిషన్ పుటలకొద్దీ రాసింది. ఆ తర్వాత 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. కోస్తా, సీమ జిల్లాల ఖాకీకి మూలపురుషుడు అదే. హైదరాబాదుదైతే ఇంకా ముచ్చట. నగర పోలీసు చట్టం ఏ సంవత్సరానిదో తెలుసా? 1348 ఫసలీ. నిజాం గారి పంచాంగం ప్రకారం. మన క్యాలెండర్‌లో 1939. ఏ కెమెరాలో ఏ ముఖం ఉందో కంప్యూటర్ పోల్చి చెప్పే కాలంలో ఉన్నాం. ఆ కంప్యూటర్ వెనక కూర్చున్న శాఖకు దారి చూపే చట్టం ఫసలీలో ఉంది.

సరే, మున్సిపాలిటీకి హక్కు లేదు. మరి లెక్క ఎవరు అడుగుతారు? శాసనసభ అంటారు. 2025-26లో తెలంగాణ హోం శాఖకు కేటాయింపు రూ.10,188 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో రూ.8,570 కోట్లు. అంటే తెలంగాణలో ఈ ఒక్క శాఖ పద్దు మహానగర కార్పొరేషన్ మొత్తం బడ్జెట్ కంటే పెద్దది. ఇంత డబ్బు మీద సభలో చర్చ ఎలా ఉంటుంది? ఒక్క రోజున బోలెడు పద్దులు కట్టగట్టి పెడతారు. పాలకపక్షం గత ప్రభుత్వాన్ని తిడుతుంది. ప్రతిపక్షం ఉంటే తిరిగి తిడుతుంది, లేకపోతే బయట మీడియా పాయింట్ దగ్గర తిడుతుంది. కొన్ని సభల్లో అసలు రానే రాదు. సాయంత్రానికి మూజువాణి ఓటు. 'అవును అనేవారు అవును అనండి.' అన్నారు. అయిపోయింది. పది వేల కోట్లకు ఒక 'అవును'.

ఆ కోట్లు ఎక్కడికి పోతాయో మీకు ఠాణా మెట్లెక్కితే తెలుస్తుంది. ఫోను పోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్లండి. 'తెల్ల కాగితం ఉందా?' మొదటి ప్రశ్న. లేదంటే ఎదురుగా జిరాక్స్ షాపు. ఫిర్యాదు మీరే రాయండి. రెండు కాపీలు మీరే తీయించండి. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక్కో స్టేషన్‌కు నెల ఖర్చుల కింద పాతిక వేల నుంచి డెబ్బై అయిదు వేల దాకా ఇస్తున్నామన్నారు. ఇక ఎవరి దగ్గరా చెయ్యి చాచనక్కర్లేదన్నారు. మంచి మాట. ఆ డబ్బు ఠాణా బల్ల దాకా నెలనెలా అందుతోందా అని ఏ కౌన్సిలర్ అడిగాడు? ఏ ఎమ్మెల్యే అడిగాడు? జిరాక్స్ షాపాయన మాత్రం చల్లగా ఉన్నాడు.

ట్రాఫిక్ జరిమానాల ముచ్చటైతే ఇంకా పసందు. 2022 మార్చిలో తెలంగాణ పోలీసులు పెండింగ్ చలాన్ల మీద తగ్గింపు ప్రకటించారు. బైకులకు రూపాయికి పావలా కడితే చాలు, ముప్పావలా మాఫీ. జనం ఎగబడ్డారు. సుమారు రూ.300 కోట్లు వచ్చాయి. 2023 డిసెంబరులో మళ్లీ ఆఫర్. ఈసారి బైకులకు ఎనభై శాతం! నేరానికి శిక్ష అంటారా దీన్ని, దసరా సేల్ అంటారా? చలాను పడినరోజే బుద్ధిగా కట్టిన వెర్రిబాగులవాడు మోసపోయినట్టా కాదా? సరే, వచ్చిన ఆ కోట్లలో గుంతల రోడ్డు బాగు చేయాల్సిన మున్సిపాలిటీకి ఎంత పంచారో కౌన్సిల్ ఎప్పుడైనా అడిగిందా? గుంత మున్సిపాలిటీది. జరిమానా ఖజానాది. విరిగిన నడుము మనది.

ఇప్పుడు అసలు కథకు వద్దాం.

'నేను సైతం' అని ఒక పథకం ఉంది. పేరు శ్రీశ్రీది. డబ్బు మీది. కాలనీ వాళ్లూ, షాపుల వాళ్లూ, అపార్ట్‌మెంట్ల వాళ్లూ చందాలు వేసుకుని సీసీ కెమెరాలు పెట్టుకోవాలి. పర్యవేక్షణ పోలీసులది. ఇదొక్కటే కాదు, 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం తెచ్చారు. జనం గుమిగూడే ప్రతి వ్యాపార స్థలంలో కెమెరా తప్పనిసరి. నెల రోజుల రికార్డింగు దాచాలి. పోలీసులు అడిగితే ఇవ్వాలి. పెట్టకపోతే జరిమానా. నేరాలు పట్టుబడుతున్నాయి, కాదనలేదు. చాలామంది తల్లిదండ్రులకు ధైర్యంగా ఉందన్నదీ నిజమే. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో అద్దాల మేడ లేచింది. కమాండ్ కంట్రోల్ సెంటర్. సుమారు రూ.600 కోట్లు. పెద్ద గోడంత తెర మీద నగరం మొత్తం కనిపిస్తుందట. మీరు పాలప్యాకెట్‌కు వెళ్లడం కనిపిస్తుంది. మీ పిల్ల ట్యూషన్ నుంచి రావడం కనిపిస్తుంది. ఏ సందులో ఎవరు ఎవరితో నిలబడ్డారో కనిపిస్తుంది.

అన్నీ కనిపించే ఆ తెర మీద ఠాణా లోపలి గది కనిపిస్తుందా?

2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసు. దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు పెట్టమంది. ఎక్కడెక్కడ పెట్టాలో కూడా వేలు పెట్టి చూపింది. గేటు దగ్గర, లాకప్‌లలో, వరండాల్లో, ఇన్‌స్పెక్టర్ గదిలో, మరుగుదొడ్ల బయట, స్టేషన్ వెనక భాగంలో. రాత్రిపూట కూడా కనిపించాలంది. మాటలు కూడా వినిపించాలంది. రికార్డింగు పద్దెనిమిది నెలలు దాచాలంది. అంత సామర్థ్యం దొరక్కపోతే కనీసం ఏడాది. స్టేషన్‌లో కెమెరాలున్నాయని, హక్కుల ఉల్లంఘన జరిగితే ఎక్కడ ఫిర్యాదు చేయాలో చెబుతూ స్థానిక భాషలో పెద్ద పోస్టర్లు అంటించమంది. తెలుగులో ఆ పోస్టరు మీ ఊరి ఠాణా గోడ మీద చూశారా? 'ఫ్రెండ్లీ పోలీస్' బోర్డు చూసి ఉంటారు. గులాబీ పువ్వు బొమ్మతో సహా.

ఈ తీర్పులో మన కౌన్సిల్ పెద్దలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. చెప్పినా వినరనుకోండి, అది వేరే విషయం. ఆ కెమెరాల మీద ప్రతి జిల్లాలో పర్యవేక్షణ కమిటీ వేయాలంది సుప్రీంకోర్టు. అందులో కలెక్టర్ ఉంటాడు. ఎస్పీ ఉంటాడు. వీళ్లతో పాటు ఇంకొక కుర్చీ ఉంది. ఆ జిల్లాలోని ఒక మున్సిపాలిటీ మేయరు. పల్లె ప్రాంతమైతే జిల్లా పరిషత్ అధిపతి.

మేయరు! మళ్లీ చదవండి. మేయరు!

'పోలీసుతో మాకేం సంబంధం' అని ముప్పై ఏళ్లుగా చేతులు దులుపుకుంటున్న స్థానిక ప్రజాప్రతినిధికి దేశ అత్యున్నత న్యాయస్థానం పిలిచి మరీ కుర్చీ వేసింది. కమిటీ పని ఏమిటి? కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. రాష్ట్ర కమిటీకి నెలనెలా నివేదిక పంపాలి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా, దాచిన రికార్డింగు తీసి, లోపల మనుషుల హక్కులు మంటగలిశాయేమో వెతకాలి. అంటే లాకప్‌లో రాత్రి ఏం జరిగిందో పగలు కూర్చుని చూసే అధికారం. పన్నెండో షెడ్యూల్ ఇవ్వనిది కోర్టు ఇచ్చింది.

మరి మన మేయర్లు ఎంతమంది ఆ కుర్చీలో కూర్చున్నారు? ప్రమాణ స్వీకారం రోజున కారు ఏ రంగుదో, సైరన్ ఉంటుందో లేదో, చాంబర్‌లో సోఫాలు మార్చారో లేదో వాకబు చేసిన మేయర్లున్నారు. ఈ కమిటీ ఎక్కడ కూర్చుంటుందని వాకబు చేసిన మేయరు ఎవరైనా ఉంటే చేతులెత్తి దండం పెడతాను. శిలాఫలకం మీద పేరు కింది వరసలో పడితే ప్రొటోకాల్ ఉల్లంఘన అని ధర్నా చేస్తారు. కోర్టు వేసిన కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం ఏ ప్రొటోకాలూ గుర్తు రాదు.

ఇంకో విడ్డూరం. తెలంగాణలో చాలా మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు 2025 జనవరి చివర్లో తీరిపోయింది. ఎన్నికలు సమయానికి పెట్టలేదు. ప్రత్యేక అధికారులు దిగారు. గ్రామ పంచాయతీల సంగతి ఇంకా ఘోరం. 2024 ఫిబ్రవరిలో గడువు ముగిస్తే 2025 డిసెంబరు దాకా సర్పంచులే లేరు. ఇటు ఆంధ్రప్రదేశ్‌లోనూ 2021 మార్చి ఎన్నికలకు ముందు మున్సిపాలిటీలు ఏళ్ల తరబడి అధికారుల చేతిలోనే నడిచాయి. అలాంటప్పుడు కమిటీలో మేయరు కుర్చీ సంగతేంటి? మేయరే లేడు. ఉన్నది ఆఫీసర్లు. పోలీసు ఆఫీసర్లను రెవెన్యూ ఆఫీసర్లు పర్యవేక్షిస్తారు. మధ్యాహ్నం అందరూ కలిసి ఒకే గెస్ట్‌హౌస్‌లో భోంచేస్తారు. ఎవరు ఎవరిని అడగాలి?

అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో మెదక్ వెళ్లి అడగండి. 2023 జనవరిలో గొలుసు దొంగతనం కేసులో ఒక కూలీని పట్టుకెళ్లారు. ఏ ఆధారంతో? సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలు ఉన్నాయట. వీధి కెమెరా అంత చురుగ్గా పనిచేసింది. అతను దొంగ కాదని తేలి వదిలేశారు. కానీ వదిలేసింది మామూలు మనిషిని కాదు, దెబ్బలతో కూలిపోయిన మనిషిని. తనను ఎలా కొట్టారో ఆసుపత్రి మంచం మీంచి వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. వీధిలో పోలికలు పట్టిన వ్యవస్థకు ఠాణాలో దెబ్బలు పట్టుకునే చూపు ఎందుకు లేకపోయింది? ఈ ప్రశ్న ఆ ఊరి మున్సిపల్ సమావేశంలో రావాలా వద్దా? ఆ మనిషి ఆ ఊరి ఓటరే కదా!

మామూలు ఠాణాల మాట వదలండి. తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు చూడండి. కేసు కోర్టులో ఉంది, దోషులెవరో కోర్టే తేలుస్తుంది. కానీ ఆరోపణ ఏంటి? 2023 డిసెంబరులో, ఎన్నికల ఫలితాలు వచ్చిన మరునాటి రాత్రి, నిఘా విభాగంలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారట. అంతకుముందు అక్కడి సీసీ కెమెరాలు ఆపేశారట. ఈ మాట అన్నది ప్రతిపక్షం కాదు, పత్రికలు కాదు. పోలీసుల మీద పోలీసులు పెట్టిన కేసులో పోలీసులే అన్న మాట. మీ కాలనీ కెమెరా ఒక్క రోజు ఆగితే కాలనీ సంఘం అధ్యక్షుడికి ఫోన్ వస్తుంది. అక్కడ ఆగితే? గప్‌చుప్.

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు మళ్లీ ఒళ్లు మండింది. రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో పదకొండు మంది కస్టడీలో చనిపోయారన్న పత్రిక వార్త చదివి, స్టేషన్లలో కెమెరాల సంగతి ఏమైందని తనంతట తానే కేసు వేసుకుంది. అయిదేళ్ల కిందట తానిచ్చిన తీర్పు ఏమైందో కోర్టు పేపర్లో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది. నెలనెలా నివేదికలు పంపాల్సిన జిల్లా కమిటీలు ఎక్కడ నిద్రపోతున్నాయి?

కోర్టు మాటకే ఈ గతి కొత్త కాదు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో పోలీసు సంస్కరణలకు ఏడు ఆదేశాలిచ్చింది. రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి ఫిర్యాదుల ప్రాధికార సంస్థ పెట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి అధ్యక్షుడు దొరకడానికి 2021 వచ్చింది. దొరికిన విశ్రాంత న్యాయమూర్తి వయోపరిమితి దాటిపోయారు. హైకోర్టు ఆ జీవోను ఆపేసింది. పదిహేనేళ్లు ఆలోచించి తీసిన ముహూర్తం, అదీ తుస్సు.

ఇదంతా చదివి ఎవరైనా కానిస్టేబుల్ నొచ్చుకుంటే, అయ్యా, బాణం మీ మీదికి కాదు. మీ గతి మా గతి కంటే మెరుగ్గా ఏమీ లేదు. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కుటుంబాలు రోడ్డెక్కాయి. ఒకే పోలీసు విధానం కావాలి, మా మగవాళ్లను ఇళ్ల మొహం చూడనివ్వండి అని అడిగాయి. ఏమైంది? 39 మంది సస్పెన్షన్. 10 మంది డిస్మిస్. పది వేల కోట్ల పద్దు పెట్టుకుని కానిస్టేబుల్‌కు ఒక సెలవు పద్ధతిగా ఇవ్వలేని శాఖ ఇది. లెక్క అడిగేవాడుంటే మొదట బాగుపడేది ఆ కానిస్టేబులే.

అమెరికాలో అయితేనా అని నిట్టూర్చే మేనమామలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ల కోసం ఒక మాట. అక్కడ పోలీసు బడ్జెట్ నగర కౌన్సిల్ చేతిలోనే ఉంటుంది. సియాటిల్‌నే తీసుకోండి. 2020లో పోలీసు చేతిలో జరిగిన జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత కౌన్సిల్‌లో ఎక్కువమంది పోలీసు బడ్జెట్ సగానికి కోస్తామని మాటిచ్చారు. తొమ్మిది మందిలో ఏడుగురు! కోసింది? అయిదో వంతు కూడా లేదు. అందులోనూ చాలా భాగం పార్కింగ్ సిబ్బందిని ఈ పద్దులోంచి ఆ పద్దులోకి జరపడమే. జీవోల గారడీ మనకే వచ్చనుకుంటాం, వాళ్లూ తక్కువేం తినలేదు. 2023 జనవరిలో అదే నగరంలో రోడ్డు దాటుతున్న మన తెలుగు విద్యార్థినిని పోలీసు కారు గుద్ది చంపింది. 25 మైళ్ల వేగం మించకూడని వీధిలో 74 మైళ్లు. ఆ పిల్ల ప్రాణం విలువ ఎంతలే అని ఇంకో అధికారి ఫోన్‌లో నవ్వాడు. నవ్వినాయన పోలీసు సంఘం ఉపాధ్యక్షుడు. మరుసటి ఏడాది మే నెలలో అదే కౌన్సిల్ పోలీసుల జీతాలను పాత బకాయిలతో సహా దండిగా పెంచింది.

కాబట్టి అక్కడ స్వర్గమేమీ లేదు. కానీ ఒక్క తేడా చూడండి. ఆ నవ్వు లోకానికి ఎలా తెలిసింది? ఆ అధికారి ఒంటి మీది కెమెరా రికార్డు చేసింది. ఆ రికార్డింగు పారేయలేదు. శాఖలోని ఉద్యోగే విని పై వాళ్లకు చెప్పారు. ప్రజలకు విడుదల చేశారు. పోలీసులు కాని వాళ్లు నడిపే కార్యాలయం విచారణ చేసింది. 2024 జులైలో అతని ఉద్యోగం పోయింది. మన తెలుగు బిడ్డ విషయంలో నవ్వినవాడి గొంతు అక్కడి కెమెరాకు చిక్కింది. ఇక్కడ మన లాకప్‌లలో నవ్వేవాళ్ల గొంతులు ఏ కెమెరాలో ఉన్నాయి?

మన కార్పొరేటర్లకూ పోలీసులకూ సంబంధమే లేదని కూడా అనలేం. ఏటా కాకపోయినా అవిశ్వాసం సీజన్‌లో బ్రహ్మాండమైన సంబంధం. 2025 ఫిబ్రవరిలో తిరుపతి డిప్యూటీ మేయర్ ఎన్నిక గుర్తుందా? కార్పొరేటర్లు వస్తున్న బస్సు మీద దాడి. ఎన్నిక ఒక రోజు వాయిదా. అంతా పోలీసుల కళ్లెదుటే. ఆ ఏప్రిల్‌లో విశాఖ మేయర్ మీద అవిశ్వాసం. క్యాంపులు మలేసియా దాకా వెళ్లాయి. డ్రైనేజీ చూడమంటే పక్క వీధికి రాని మనిషి మేయర్‌ను దించడానికి సముద్రాలు దాటాడు. 74 మంది చెయ్యెత్తారు. మేయరు దిగిపోయారు. అన్ని చేతులు అంత క్రమశిక్షణగా లేవగలవని అప్పుడు తెలిసింది. అందులో ఒక్క చెయ్యి, ఒక్కటంటే ఒక్కటి, 'నగరంలోని ఠాణాల కెమెరాల మీద తీర్మానం పెడదాం' అని లేస్తే?

లేవదు. ఎందుకంటే ఠాణా మీద లెక్క అడిగినవాడికి రేపు ఠాణాతో పని పడుతుంది. బావమరిది బైకు వదిలించాలి. అనుచరుడి మీద కేసు తీయించాలి. సెటిల్‌మెంట్‌లో సీఐ గారు కాస్త చూసీచూడనట్టు ఉండాలి. పర్యవేక్షణ కంటే పరిచయం లాభసాటి. ఇది వార్డు సభ్యుడికీ తెలుసు, ఎమ్మెల్యేకూ తెలుసు. మనకూ తెలుసు. మనం కూడా ఠాణాకు వెళ్లాలంటే ముందు ఫోన్ చేసేది 'అక్కడ తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా' అని అడగడానికే కదా?

అందుకని వాళ్ల చేతులు లేచేదాకా కూర్చోవద్దు. ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఎలాగూ ఠాణాకు వెళ్తే మీరే తెచ్చుకోవాలి కనుక ఇంట్లో ఉండే ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఎస్పీ కార్యాలయంలోని, లేదా పోలీసు కమిషనరేట్‌లోని పౌర సమాచార అధికారికి మూడు ప్రశ్నలు రాయండి. మా ఠాణాలో ఎన్ని కెమెరాలున్నాయి, ఈ నెలలో ఎన్ని రోజులు పనిచేశాయి? రికార్డింగు ఎన్ని నెలలు దాస్తున్నారు? జిల్లా పర్యవేక్షణ కమిటీలో మేయరు ఎవరు, కమిటీ చివరిసారి ఏ తేదీన కూర్చుంది? పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేయండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఒక కాపీ మీ వార్డు కౌన్సిలర్‌కు ఇచ్చి, సంతకం తీసుకోండి. కౌన్సిలర్ లేకపోతే ప్రత్యేక అధికారికివ్వండి. వచ్చే సమావేశంలో దాన్ని చదివినట్లుగా భావించవద్దని, చదవమని చెప్పండి.